అర్థం తర్వాత, ముందు బొమ్మ

2024 నవంబరులో న్యూయార్క్‌లోని సదబీస్ వేలంలో ఒక అరటిపండు 62 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ దాన్ని గోడకు టేపుతో అంటించి 'కమెడియన్' అని పేరు పెట్టాడు. మన మీడియాకు అది పండగ వార్త. రూపాయల్లో యాభై కోట్లు దాటిందన్న లెక్క, కొన్నాయన ఆ పండును తినేశాడన్న కొసమెరుపు, అంతటితో సరి. ఇంటర్ చదివే పిల్లలకు మోడర్న్ ఆర్ట్ ఎదురయ్యేది ఎక్కువగా ఇలాగే, ధరగానో జోకుగానో. ఇంట్లోనూ అంతే. పిల్లాడి చేతిరాత కుదరకపోయినా, సాంబారు గోడ మీద చిందినా "మోడర్న్ ఆర్ట్‌లా ఉంది" అనేస్తాం.

అదే పిల్లల్ని ఎప్పుడైనా గ్యాలరీకి తీసుకెళ్తే, బొమ్మ ముందు నిలబడీ నిలబడగానే అడిగే మొదటి ప్రశ్న "దీని అర్థం ఏంటి సార్?" సార్ దగ్గర సిద్ధంగా ఒక జవాబు ఉంటుంది. ఆధునిక మానవుడి ఒంటరితనం, నగర జీవితంలోని సంఘర్షణ, ఇలాంటిదేదో. పిల్లలు దాన్ని రాసుకుని పక్క బొమ్మకు వెళ్లిపోతారు. ఆధునిక కళ పిల్లలకు అర్థం కావడం లేదని బాధపడేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం అసలు చిక్కు వరసలో ఉందనిపిస్తుంది. అన్నిటికన్నా చివర రావలసిన అర్థాన్ని అన్నిటికన్నా ముందు చెప్పేస్తున్నాం. జవాబు దొరికాక ఇంక కళ్లకు పనేముంది?

మనవాళ్లకు అందం తెలియదని కాదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో 'వెయిల్డ్ రెబెకా' చుట్టూ ఎప్పుడూ జనమే. ఇటలీ శిల్పి బెంజోని పాలరాతిలో పల్చటి మేలిముసుగును, దాని వెనక ముఖాన్ని కనిపించేలా చెక్కాడు. రాయి గుడ్డలా ఎలా కనిపిస్తోందా అని ముక్కున వేలేసుకుంటారు. అందులో తప్పేమీ లేదు, అది నిజంగానే అబ్బురం. కాకపోతే అలా చూసి చూసి అందమంటే పోలిక, పోలిక కుదరడమంటే పనితనం అని లెక్క కట్టేసుకున్నాం. అదే మ్యూజియంలో ఆధునిక భారతీయ చిత్రాల గ్యాలరీ కూడా ఉంది. ఆ లెక్కతో అక్కడికి వెళ్తే సగం బొమ్మలు ఫెయిలవుతాయి.

ఈ లెక్కను ఒకసారి కోర్టులోనే తేల్చాల్సి వచ్చింది. రొమేనియాలో పుట్టి పారిస్‌లో పనిచేసిన శిల్పి బ్రాంకూజీ 'బర్డ్ ఇన్ స్పేస్' (ఆకాశంలో పక్షి) అని ఒక కంచు శిల్పం చేశాడు. రెక్కల్లేవు, ముక్కు లేదు, ఈకల్లేవు. సన్నగా, నునుపుగా, మెరుస్తూ పైకి సాగిపోయిన ఒక రూపం మాత్రమే. 1926లో అది అమెరికా చేరితే కస్టమ్స్ వాళ్లు ఇది శిల్పమే కాదన్నారు. శిల్పానికి సుంకం లేదు. దీన్ని వంటింటి సామాన్లు, ఆసుపత్రి సామాన్ల కోవలో వేసి 40 శాతం సుంకం కట్టమన్నారు. వాళ్ల చేతిలో బలమైన ఆధారమే ఉంది. శిల్పమంటే ప్రకృతిలోని రూపాలకు అనుకరణ అని 1916 నాటి ఒక తీర్పు చెబుతోంది.

కేసు నడిచింది. శిల్పాన్ని కొన్న ఫొటోగ్రాఫర్ స్టైకెన్‌ను బోనెక్కించి, అడవిలో ఇది కనబడితే పక్షి అనుకుని తుపాకీ పేలుస్తారా అని అడిగారు. పేల్చనన్నాడు. నవ్వులాటగా ఉన్నా మన క్లాసుల్లో పిల్లలు అడిగే ప్రశ్న కూడా సరిగ్గా అదే: "పక్షి అన్నారు కదా, పక్షి ఏది?" 1928లో వచ్చిన తీర్పులో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, న్యాయమూర్తులు ఆ శిల్పానికి ఏ తాత్విక అర్థమూ అంటగట్టలేదు. దీన్ని పక్షితో పోల్చుకోవడం కొంత కష్టమే కావచ్చు, అయినా రూపంలో సౌష్ఠవం ఉంది, అందంగా ఉంది, చూడటానికి హాయిగా ఉంది అన్నారు. ఈ కొత్త ధోరణి తమకు నచ్చినా నచ్చకపోయినా అది ఉందన్న వాస్తవాన్ని మాత్రం ఒప్పుకోక తప్పదన్నారు. చట్టం తప్ప కళ చదువుకోని పెద్దమనుషులు ఒక వస్తువును తీరిగ్గా చూసి, సాక్షులు చెప్పింది విని, పోలికనూ అందాన్నీ విడదీయగలిగారు. పదహారేళ్ల పిల్లలు ఆ మాత్రం చేయలేరా?

ఆ తీరికే మనకు లేదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులు ఒక్కో కళాఖండం ముందు ఎంతసేపు ఆగుతున్నారో లెక్కగట్టిన అధ్యయనం 2001లో వచ్చింది. సగటు 27 సెకన్లు. పక్కనున్న వివరం చదవడం కూడా అందులోనే కలిసిపోయింది. స్మార్ట్‌ఫోన్ల కాలం రాకముందు లెక్క ఇది.

పిల్లల్ని బొమ్మ ముందు ఇంకాస్త నిలబెట్టడానికి పెద్ద ఉపాయాలేం అక్కర్లేదు. అదే నగరంలోని మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో విద్యా విభాగం చూసిన ఫిలిప్ యెనవైన్, మనస్తత్వ పరిశోధకురాలు అబిగెయిల్ హౌజెన్ కలిసి ఒక పద్ధతి తయారుచేశారు. టీచరు అడిగేవి మూడే ప్రశ్నలు. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకా ఏం కనిపిస్తోంది? ఇందులో ప్రాణమంతా రెండో ప్రశ్నలోనే ఉంది. "బాధగా ఉంది" అని పిల్లాడు అంటే సరిపోదు, ఆ బాధ ఎక్కడ కనిపించిందో వేలు పెట్టి చూపించాలి. గీత వంగిన తీరా? ఆ మూల చీకటా? మనుషుల మధ్య ఉన్న ఖాళీయా?

దీన్ని తలకిందులుగా పట్టుకున్న టీచర్లూ ఉన్నారు. "ఆర్ట్‌లో తప్పొప్పులు ఉండవమ్మా, మీకేమనిపిస్తే అదే కరెక్ట్" అని చేతులు దులిపేసుకుంటారు. వినడానికి ఉదారంగా ఉంటుంది కానీ ఇదొక రకం బద్ధకం. రెడీమేడ్ అర్థం చెప్పే మాస్టారు, ఏదైనా కరెక్టే అనే మాస్టారు ఇద్దరూ పిల్లల్ని ఒకే చోటికి చేరుస్తున్నారు. ఇద్దరి క్లాసులోనూ బొమ్మను చూడకుండానే పని గడిచిపోతుంది.

నిజానికి ఏ పోలికా లేని రూపాన్ని మెచ్చుకోవడం మనకు కొత్త కాదు. సంక్రాంతి నెలలో వాకిట్లో వేసిన చుక్కల ముగ్గు ముందు ఆగి దీని అర్థం ఏంటని ఎవరూ అడగరు. గీత వణక్కుండా సాగిందా, మెలికలు సమంగా వచ్చాయా, వాకిలికి తగ్గట్టు కుదిరిందా అని చూస్తారు. బాగా లేకపోతే ఎందుకు బాగాలేదో కూడా చెబుతారు. అయితే పోలికను ఇంతకన్నా లాగకూడదు. ముగ్గుకు వరసలూ చుక్కలూ ముందే తెలిసిన నియమాలు. మోడర్న్ ఆర్ట్‌లో చాలాసార్లు ఒక్కో బొమ్మ తన నియమాన్ని తనే పెట్టుకుంటుంది. ఆ నియమం ఏమిటో బొమ్మలోనే వెతికి పట్టుకోవాలి. అందుకే చూపు తర్వాత అడుగు అర్థం వైపు పడకూడదని నా వాదన. ముందు ఆ బొమ్మ ఎలా తయారైందో తెలుసుకోవాలి.

దీనికి నేను ఎంచుకునే ఉదాహరణ మన చిత్తూరు జిల్లా మనిషిది. నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చిత్రకారుడు నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, లండన్ మీదుగా పారిస్ చేరి, హేటర్ అనే కళాకారుడు నడిపిన 'అటెలియర్ 17' అనే ప్రింట్ల వర్క్‌షాపులో పనిచేశాడు. ప్రింట్ అంటే ప్లేటు మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితం మీద తీసే అచ్చు. ప్రపంచంలో ప్రింట్ మేకింగ్ నేర్చుకునేవాళ్లకు ఆయన పేరు తెలుసు. మన పిల్లలకు తెలిసింది తక్కువ. ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి ఫైన్ ఆర్ట్స్ పుస్తకంలో ఆయన ప్రింట్ 'వర్ల్‌పూల్' (సుడిగుండం) ఉంది. నీలి ఛాయల్లో సుళ్లు తిరిగే బొమ్మ. గైడ్ పద్ధతిలో అయితే "ప్రకృతిలోని శక్తికి ప్రతీక" అని ఒక వాక్యం రాసి మార్కులు తెచ్చుకోవచ్చు.

ఆ రంగులు ఎలా పడ్డాయో చెప్పి చూడండి. మామూలుగా రంగుల ప్రింట్ అంటే ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు. కృష్ణారెడ్డి, ఆయన సహచరులు కలిసి పెంపొందించిన విస్కాసిటీ (అంటే రంగు చిక్కదనం) పద్ధతిలో ప్లేటు ఒక్కటే. ఆ లోహపు ప్లేటును శిల్పంలా చెక్కుతారు, యాసిడ్‌తో తినిపిస్తారు. ఎత్తుపల్లాలు రకరకాల లోతుల్లో వస్తాయి. నూనె ఎక్కువ కలిపిన పలచటి రంగును గట్టి రోలర్‌తో రుద్దితే అది పై మట్టానికే అంటుతుంది. తర్వాత నూనె తక్కువున్న చిక్కటి రంగును మెత్తటి రోలర్‌తో రుద్దితే అది పల్లాల్లోకి దిగుతుంది. పలచటి రంగు ఉన్నచోట మాత్రం చిక్కటి రంగు పట్టదు. రెండూ కలిసి బురద కాకుండా పక్కపక్కనే నిలుస్తాయి. కాగితం పెట్టి ఒక్కసారి ప్రెస్‌లో నడిపితే రంగులన్నీ ఒకేసారి దిగుతాయి.

ఇది విన్న పిల్లలు బొమ్మను మళ్లీ చూడాలి. ఇప్పుడు ఆ నీలం "నీలం రంగు వేశారు" అనే నీలం కాదు. ఎక్కడ ప్లేటు లోతుగా ఉందో, ఎక్కడ రోలర్ ఆగిందో, ఏ రంగు ఏ రంగును తోసేసిందో కళ్లు వెతకడం మొదలుపెడతాయి. సుడి అనేది బొమ్మ పేరులోనే కాకుండా దాన్ని తయారుచేసిన తీరులో కూడా ఉందని వాళ్లంతట వాళ్లే గమనిస్తారు. కెమిస్ట్రీ అంటే ఇష్టమున్న పిల్లాడు ఇక్కడ డ్రాయింగ్ వచ్చినవాడికన్నా ముందుంటాడు. ఇది పక్కదారి పట్టించడం కాదా అని ఒక అభ్యంతరం ఉంది, టెక్నిక్ తెలిసినంత మాత్రాన అందం తెలుస్తుందా అని. తెలియకపోవచ్చు. కానీ టెక్నిక్ తెలియడం వల్ల చూపు బొమ్మ మీద నిలుస్తుంది, అలా నిలవకుండా అందం ఎవరికీ తెలియలేదు.

హాయి గొలిపే సుళ్లు, నునుపైన కంచు ఒక ఎత్తు. చూడగానే ఇబ్బంది పెట్టే పనుల్లో అందం ఏమిటన్నది అసలైన కష్టం. చిత్రకారుడు, శిల్పి సోమ్‌నాథ్ హోర్ 1943 బెంగాల్ కరువును కళ్లారా చూసిన మనిషి. 1970ల్లో ఆయన 'వూండ్స్' (గాయాలు) పేరుతో తెల్ల కాగితం మీద తెల్లగానే ఉండే ప్రింట్లు చేశాడు. మట్టి పలకను కత్తితో కోసి, కాల్చిన ఇనుముతో గుచ్చి, దాని మీద సిమెంటు అచ్చు తీసి, అందులో కాగితపు గుజ్జు నింపాడు. ఇంక్ లేదు. గాయాలు మాత్రమే ఉన్నాయి.

ఇక్కడ వరస మారితే ఏమవుతుందో స్పష్టంగా తెలుస్తుంది. ముందుగా "ఇది కరువు, యుద్ధం, హింస" అని చెప్పేస్తే పిల్లలు తలలూపి, విషాదం అని రాసుకుని ముందుకు పోతారు. ఏమీ చెప్పకుండా నిలబెడితే మొదట ఖాళీ కాగితంలా కనిపిస్తుంది. కాసేపటికి కోత కనిపిస్తుంది, కోత అంచున ఉబ్బిన గుజ్జు కనిపిస్తుంది, కాగితం చర్మంలా అనిపించడం మొదలవుతుంది. అప్పుడు కరువు గురించి చెబితే ఆ మాట దిగవలసిన చోటికి దిగుతుంది. ఒక విషయం, ఈ బొమ్మను ఫోన్‌లో చూపిస్తే దాదాపు ఏమీ కనిపించదు. పక్క నుంచి వెలుతురు పడాలి, చూసేవాళ్లు అటూ ఇటూ కదలాలి. డిజిటల్ క్లాస్‌రూమ్ ఇచ్చేశాం కదా, ఇంక గ్యాలరీలెందుకు అనే అధికారులకు ఈ ఒక్క ప్రింట్ చూపిస్తే చాలు.

గ్యాలరీలు ఎన్నో ఉన్నాయని కాదు. హైదరాబాద్ మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. రాజమండ్రిలో ముప్పై ఏళ్లు నిండకుండానే పోయిన చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట గ్యాలరీ ఉంది. ఉన్నవాటికైనా బడి బస్సులు జూపార్కుకు వెళ్లినంత తరచుగా వెళ్లవు. బడిలో డ్రాయింగ్ పీరియడ్ సంగతి చెప్పనక్కర్లేదు, పరీక్షలు దగ్గరపడగానే అది లెక్కల మాస్టారి సొత్తు.

ఇంకో చిక్కు మన మొహమాటం. నిజాంపూర్ పల్లెలో పుట్టి, బరోడాలో చిత్రకారుడు కె.జి.సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్న లక్ష్మా గౌడ్ తెలంగాణ పల్లెను మేకలతో, చెట్లతో, మనుషుల దేహాలతో, వాళ్ల కోరికలతో సహా గీశాడు. ఆయన ఎచింగులు (లోహపు ప్లేటును యాసిడ్‌తో తినిపించి తీసిన ప్రింట్లు) కొన్నింటి ముందు టీచర్లే ఇబ్బంది పడి పిల్లల్ని తొందర పెడతారు. ప్లస్ టూ పిల్లలకు ఫోన్‌లో కనిపించేదానితో పోలిస్తే ఆ గీతలు ఎంత నిజాయితీగా ఉంటాయో వాళ్లకు చెప్పే ధైర్యం మనకు ఉండాలి. వయసును బట్టి ఎంచుకోండి, అభ్యంతరం లేదు. కానీ పల్లె అనగానే ఎర్రబొట్టు, పచ్చచీరల బొమ్మ ఒక్కటే చూపించి ఊరుకుంటే పిల్లలు మళ్లీ క్యాలెండర్ అందం దగ్గరే ఆగిపోతారు.

అన్నీ నచ్చాలని మాత్రం పట్టుబట్టకూడదు. ఆ అరటిపండు దగ్గర చూడటానికి పెద్దగా ఏమీ లేదన్నది నా అభిప్రాయం. అది కళా మార్కెట్ మీద వేసిన ఒక జోకు, జోకు అర్థమయ్యాక కళ్లకు మిగిలేది తక్కువ. 1917లో ఫ్రెంచ్ కళాకారుడు దుషాంప్ మూత్రశాల తొట్టిని ఎగ్జిబిషన్‌కు పంపింది కూడా అందం కోసం కాదు. వాటి గురించి మాట్లాడుకోవచ్చు, అయితే తొలి పాఠంగా కాదు. మోడర్న్ ఆర్ట్ అంటే అవే అని పిల్లలు నమ్మడానికి కారణం మనం వాళ్లకు ముందుగా చూపించినవి అవే కావడం.

పరీక్ష మారకుండా క్లాసు మారదని టీచర్లు అంటారు, అందులో నిజముంది. ఇప్పుడు బొమ్మ పేరు, గీసినవాళ్ల పేరు, మాధ్యమం, నాలుగు వాక్యాల వివరణ బట్టీ పడితే చాలు. తెలుగు పేపర్‌లో అపరిచిత పద్యం ఇస్తున్నాం కదా. కవి పేరు తెలియకపోయినా, ఎన్నడూ చదవకపోయినా పిల్లలు చదివి జవాబు రాస్తారు, మాస్టార్లు దిద్దుతారు. పెయింటింగ్ పేపర్‌లో కూడా పేరు లేకుండా ఒక అపరిచిత చిత్రాన్ని, రంగుల్లో, అరపేజీ సైజులో అచ్చు వేయొచ్చు. ఇందులో నీ కన్ను మొదట ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, తర్వాత ఎక్కడికి వెళ్లింది అని అడగొచ్చు. బొమ్మలోని ఆధారం చూపిస్తే మార్కు, చూపించకపోతే లేదు. "మానవ జీవన సంఘర్షణ" అని రాసినవాళ్లకు, ఆ సంఘర్షణ ఏ గీతలో ఉందో చెప్పేదాకా సున్నా.