ఊరగాయ డబ్బాల కంటే ముందు లైసెన్సు

సెలవుకి తిరుపతి వెళ్ళినప్పుడు మా అక్క కొడుకు కూడా ఇంట్లోనే ఉన్నాడు. న్యూజెర్సీలో ఎం.ఎస్. అయిపోయి, టెక్సాస్‌లోని డల్లాస్‌లో ఉద్యోగం వచ్చింది. చేరేలోపు రెండు వారాలు అమ్మ దగ్గర ఉందామని వచ్చాడు. అక్క ఊరగాయ డబ్బాలకు టేపు చుడుతుంటే, "డ్రైవింగ్ లైసెన్సు టెక్సాస్‌కు ఎప్పుడు మార్చుకుంటావు రా?" అని అడిగాను. పర్సులోంచి న్యూజెర్సీ కార్డు తీసి, "ఇంకా ఏడాది ఉంది గదా మామా, తొందరేముంది?" అన్నాడు.

వాణ్ణి తప్పు పట్టలేను. చిత్తూరులో పెరిగినవాళ్ళకి రాష్ట్రం దాటడం పెద్ద విషయం కాదు. తమిళనాడులోని రాయవేలూరు సుమారు 35 కిలోమీటర్లే. అమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడల్లా మా నాన్న ఏపీ 03 నంబరు స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని అక్కడి ఆసుపత్రికే తీసుకెళ్ళేవాడు. ఆంధ్రలో తీసుకున్న లైసెన్సు దేశమంతా చెల్లుతుంది. బెంగళూరులో స్థిరపడితే, ఏడాది దాటాక బండికి ఎన్‌ఓసీ (పాత ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం) తెచ్చుకుని అక్కడి నంబరు వేయించాలి గానీ, లైసెన్సు అదే.

అమెరికాలో లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. చుట్టపుచూపుగా వెళ్తే పాత కార్డు చాలు, కాపురం మారిస్తే చాలదు. టెక్సాస్ 90 రోజులు గడువిస్తుంది, జార్జియా 30, కాలిఫోర్నియా 10 రోజులే. టెక్సాస్‌లో బండి రిజిస్ట్రేషన్‌కు 30 రోజులే గడువు. కార్డు మీద ఏ తేదీ ఉన్నా ఈ లెక్క వేరు.

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. వేరే రాష్ట్రం నుంచి టెక్సాస్ వచ్చిన కొత్తలో ఈ వారం, వచ్చే వారం అని వాయిదా వేశాను. వీసా మీద ఉన్నవాళ్ళ లైసెన్సు సాధారణంగా దేశంలో ఉండేందుకు ఇచ్చిన అనుమతి గడువుతోనే ముగుస్తుంది కదా, నాదీ అలాగే ముగిసింది. అక్కడ ఇల్లు లేదు కాబట్టి పాత రాష్ట్రంలో రెన్యువల్ కుదరదు. చెల్లుబాటులో ఉన్న కార్డు ఇచ్చి ఉంటే టెస్టులు లేకుండా పోయేది. గడువు తీరిపోవడంతో రాత పరీక్ష, రోడ్ టెస్టు మళ్ళీ రాయాల్సి వచ్చింది. ఆ నెలంతా నా భార్య పసిబిడ్డను వెనక సీట్లో పెట్టుకుని నన్ను ఆఫీసులో దింపింది. ఆ పొద్దుటి పూటలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కొత్తగా వచ్చే పిల్లలకు అసలు చిక్కు అడ్రస్ ప్రూఫ్ దగ్గర వస్తుంది. నలుగురు కలిసి ఉంటారు, లీజులో పేరు ఒకరిదే, కరెంటు బిల్లూ వాళ్ళ పేరు మీదే. టెక్సాస్‌లో దీనికి దారి ఉంది. లీజున్న వ్యక్తి వెంట వచ్చి, ఇతను మా ఇంట్లోనే ఉంటున్నాడని సంతకం చేసి ఇవ్వొచ్చు. ఒక పూట సెలవు పెట్టాలంటే ఎవరికైనా కష్టమే, కానీ ఆ పూట ఇవ్వండి. మన తెలుగు సంఘం కూడా కొత్తగా వచ్చినవాళ్ళకు పండగ భోజనాలతో పాటు మొదటి నెలలోనే ఈ కాగితాల పని దగ్గరుండి చేయించాలని కార్యవర్గాన్ని గట్టిగా అడుగుతున్నాను.

ఆ సాయంత్రం వరండాలో కూర్చుని ఇద్దరం ఫోన్‌లో డల్లాస్ లైసెన్సు ఆఫీసు అపాయింట్‌మెంట్ వెతికాం. దగ్గరి ఆఫీసులో ఖాళీ లేదు, కాస్త దూరంలో దొరికింది. అక్క పాస్‌పోర్టు, మిగతా కాగితాలు ఒక కవర్లో పెట్టి వాడి భుజం సంచిలో సర్దింది.