హాల్లోకి వచ్చిన గెడ్డ

ఒడిశాలోని మా రాయగడ జిల్లాలో గెడ్డలకు, అంటే కొండవాగులకు, కొదవ లేదు. ఏ కొండ పక్కన ఆగినా ఒక గెడ్డ రాళ్ళ మీద గలగలమంటూ నాగావళి వైపో వంశధార వైపో పోతూ ఉంటుంది. ఇన్నేళ్ళూ వాటిని అలా ఊరికే బయట వదిలేయడం మన పెద్దల నిర్లక్ష్యం కాక మరేమిటి? ఇప్పుడిప్పుడే మా ఊళ్ళో చదువుకున్న కుటుంబాలు కళ్ళు తెరుస్తున్నాయి. గెడ్డ ఉండాల్సింది కొండ మీద కాదు, హాల్లో టీవీ పక్కన గాజు తొట్టెలో అని గ్రహించాయి. అందులో కాపురం పెట్టించడానికి హిల్‌స్ట్రీమ్ లోచ్ అనే చేపను తెప్పిస్తున్నాయి. ఈ ఉద్యమాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.

చేప చిన్నదే, రెండంగుళాలు పైచిలుకు. పొట్ట బల్లపరుపుగా ఉంటుంది. ముందు రెక్కలూ కింది రెక్కలూ పక్కలకు విచ్చుకుని, పొట్టతో కలిసి రాయికి అతుక్కుపోతాయి. నీళ్ళు ఎంత ఉరవడిగా కొట్టినా ఊడదు. వీటిలో ఎక్కువమంది మోజుపడే సెవెలియా లీనియోలాటా అనే రకం పుట్టిల్లు వియత్నాం కొండలు. బ్యూఫోర్షియాది దక్షిణ చైనా, గాస్ట్రోమైజాన్‌ది బోర్నియో. దుకాణాల్లో మాత్రం ఎవరి నోటికొచ్చిన పేరు వాళ్ళు పెడతారు. ఒకచోట బటర్‌ఫ్లై లోచ్, ఇంకోచోట బోర్నియో సక్కర్, మరోచోట హాంకాంగ్ ప్లెకో. దీనికి మేం బాధపడం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడిన దగ్గర్నుంచి మా సంగతీ ఇంతే. విజయనగరంలో పెళ్ళికి వెళ్తే ఒడిశావాళ్ళొచ్చారంటారు, భువనేశ్వర్లో పనిమీద వెళ్తే తెలుగువాళ్ళొచ్చారంటారు.

ఇక దొరగారి అవసరాలు. నీళ్ళు 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మా ఊళ్ళో ఎండ 40 దాటడం మామూలే. అయితే చేప చెప్పేదాంట్లో న్యాయం ఉంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30కి వచ్చేసరికి అది ఏడున్నరకు పడిపోతుంది. ఉరవడి నీళ్ళలో పుట్టిన చేపకు ఆ మాత్రం తగ్గినా ఆయాసమే. అందుకని మా వీధిలో ఒక ఇంట్లో ఏసీని పడకగదిలోంచి ఊడదీసి హాల్లో బిగించారు. ఇప్పుడు ఇంటిల్లిపాదీ తొట్టె చుట్టూ చాపలు పరుచుకుని పడుకుంటున్నారు. కరెంటు పోతే ఇన్వర్టర్ ముందు పంపుకి, ఆ తర్వాత మావయ్యగారి ఫ్యానుకి. ఆ వరస మీద మొదట్లో కాస్త గొడవ జరిగింది గానీ, పంపు ఆగిన కాసేపటికి చేపలు రాళ్ళొదిలి పైకొచ్చి నోళ్ళు తెరవడం చూసి మావయ్యగారే విసనకర్ర అందుకున్నారు.

చల్లదనం ఒక్కటే చాలదు, ప్రవాహం కావాలి. తొట్టెలో నీళ్ళంతా గంటకు పదిసార్లయినా తిరగాలంటారు తెలిసినవాళ్ళు. దానికో పద్ధతి ఉంది. ఒక చివర స్పాంజీల గుండా నీళ్ళు పీల్చి, గులకరాళ్ళ కింద పివిసి పైపుల్లో నడిపించి, రెండో చివర పవర్‌హెడ్‌లనే చిన్న పంపులతో చిమ్మించాలి. అప్పుడు పైన నీళ్ళన్నీ ఒకే వైపు పారతాయి. ప్లంబర్ వచ్చి అంతా విని, "కుళాయిలో నీళ్ళు పొద్దున్న కాసేపే కదండీ వచ్చేది, దీన్లో రాత్రింబవళ్ళు పారాలా?" అని అడిగాడు. పారాలి మరి. 2017 జూలైలో వరదొచ్చి, తెరువలి దగ్గర రైలు వంతెనే కొట్టుకుపోయింది. అలాంటి ఊళ్ళో పెరిగినవాడు ఈపాటి ప్రవాహానికి బెంబేలెత్తితే ఎలా?

అసలు కథ పాచి దగ్గరుంది. మామూలు అక్వేరియంలో పాచి శత్రువు. ఇక్కడ అదే భోజనం. రాళ్ళకు పట్టిన పచ్చటి జిగురునీ అందులో కదిలే కంటికానని పురుగుల్నీ ఈ చేప గీరుకుని తింటుంది. కొత్త తొట్టెలో, మెరిసే రాళ్ళ మధ్య వదిలితే నెలలోపే పొట్ట లోపలికి పోతుంది. కాబట్టి చేపల కంటే ముందు పాచిని పెంచాలి. మా మిత్రుడొకడు నున్నటి ఏటి రాళ్ళు ఏరుకొచ్చి డాబా మీద ప్లాస్టిక్ టబ్బుల్లో నీళ్ళు పోసి ఎండలో పెట్టాడు. రాళ్ళు పచ్చబడిన కొద్దీ వాడి మొహం వెలిగింది. వడియాలు పెట్టడానికి పైకెళ్ళిన వాళ్ళమ్మ ఆ టబ్బులు చూసి, కొడుకు పని ఒత్తిడిలో మర్చిపోయాడనుకుని, కొబ్బరిపీచుతో ఒక్కో రాయినీ తళతళలాడేలా తోమి తులసికోట చుట్టూ పేర్చేసింది.

"అమ్మా, అది పాచి కాదే, వాటి తిండి!"

"పాచి తినే చేపకి ఏసీ ఎందుకురా?"

ఈ ప్రశ్నకు అక్వేరియం శాస్త్రంలో జవాబు ఉంది, పైన చెప్పాను కూడా. కానీ వడియాల గిన్నె పట్టుకుని నిలబడ్డ మనిషికి ఆక్సిజన్ లెక్కలు చెప్పే ధైర్యం ఎవరికుంది?

ఈ చేపల వల్ల దేశానికి ఉపయోగం లేదనేవాళ్ళు వీటి తగాదాలు చూడలేదు. మంచి రాయి కనపడితే రెండు మగవి పోటీకి దిగుతాయి. ఒకటి రాయి మీద ఉంటే రెండోది దాని మీద ఎక్కి పడుకుంటుంది. కిందది జారుకుని మళ్ళీ పైకెక్కుతుంది. రెక్కలు టపటపలాడిస్తూ గిరగిరా తిరుగుతాయి. రక్తం రాదు, రెక్క ఊడదు. కొద్ది నిమిషాల్లో ఒకటి తప్పుకుని పక్క రాయికి పోతుంది. ఒడిశా, ఆంధ్ర సరిహద్దులోని కొటియా తగాదాలో మొదటి భాగమంతా అచ్చం ఇలాగే ఉంటుంది. 21 ఊళ్ళు. ఒడిశా అవి పొట్టంగి బ్లాకువంటుంది, ఆంధ్ర సాలూరు మండలానివంటుంది. 1968లో సుప్రీంకోర్టుకెక్కారు, 2006లో కోర్టు పార్లమెంటు వైపు చూపించింది, 2021లో అక్కడ ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెట్టిందని ఒడిశా మళ్ళీ కోర్టుకెక్కింది. ఒకరు రోడ్డేస్తే ఒకరు బడి కడతారు. లేనిదల్లా పక్క రాయికి పోయే ఘట్టమే. ఈలోగా అక్కడివాళ్ళు ఇద్దరి కార్డులూ జాగ్రత్తగా దాచుకున్నారు. రెండు ప్రభుత్వాల ఆఫీసుల్లోనూ తలా ఒక తొట్టె పెట్టించాలని నా మనవి. మూత మాత్రం గట్టిగా ఉండాలి, ఇవి తడి అద్దం మీద పాకుతూ బయటికి పోగలవు.

ఆదివారం నిజం గెడ్డకే వెళ్ళి కూర్చోవచ్చు కదా అని కొందరంటారు. వెళ్ళొచ్చు. కానీ అక్కడ బిర్యానీ ప్లేట్లు దాటుకుని, సీసా పెంకులు తొక్కకుండా నీళ్ళ దాకా చేరాలి. పైగా ఆ గెడ్డకు పంపు లేదు, ఇన్వర్టర్ లేదు, చుట్టాలొస్తే చూపించి ధర చెప్పుకునే వీలు లేదు.

మా మిత్రుడింటికి ఈమధ్య సిద్ధాంతిగారొచ్చారు. తొట్టె ఈశాన్యంలో ఉన్నందుకు సంతోషించారు గానీ, నీళ్ళు దక్షిణానికి పారుతున్నాయని ముక్కున వేలేసుకున్నారు. పైపులన్నీ ఊడదీసి ప్రవాహాన్ని ఉత్తరానికి తిప్పారు. ఈ చేప ఎప్పుడూ ప్రవాహానికి ఎదురు తిరిగే నిలబడుతుంది. అన్నీ ఒక్కసారిగా దక్షిణముఖం పెట్టాయి. అది యముడి దిక్కు, శాంతి చేయించాలన్నారు సిద్ధాంతిగారు. ఖర్చెంతో ఇంకా చెప్పలేదు. హోమం మాత్రం ఏసీ ఉన్న గదిలోనే పెడదామన్నారు.