జపాన్ ఫ్యామిలీ డ్రామాలకి తెలుగు సబ్‌టైటిల్స్ కావాలి, సీరియస్‌గా చెప్తున్నా

నెట్‌ఫ్లిక్స్‌లో ‘అసుర’ నిన్న రాత్రికి మూడోసారి పూర్తి చేశా. 2025 జనవరిలో వచ్చింది, ఏడు ఎపిసోడ్లే, డైరెక్టర్ కొరెఎదా హిరోకజు. కథ చెప్పాలంటే రెండు ముక్కలు. 1979 టోక్యో, నలుగురు అక్కచెల్లెళ్లు, డెబ్భై ఏళ్ల నాన్నకి ఇంకో ఆవిడ ఉందని బయటపడుతుంది. పేరులో ఉన్నది కూడా మన పురాణాల్లో అసురులే, బౌద్ధంతో పాటు అక్కడిదాకా వెళ్లిన మాట.

ఫస్ట్ ఎపిసోడ్‌లో ఒక సీన్ ఉంది. లైబ్రరీలో పనిచేసే మూడో అమ్మాయి డిటెక్టివ్‌ని పెట్టి మరీ విషయం కనుక్కుని రెండో అక్క ఇంట్లో అందర్నీ కూర్చోబెడుతుంది. అక్కడేమో నూనెలో వేయించిన మోచి ముక్కలు, అంటే అన్నం దంచి చేసిన ముద్దల్లాంటివి, వేడివేడిగా తింటూ ఉంటారు. నాన్న సంగతి మాట్లాడుకుంటుండగానే పెద్దక్క మోచి కొరికితే ముందు కట్టుడు పన్ను ఊడుతుంది. ఇంక నవ్వు ఆగదు. మూడో అమ్మాయికి మండిపోతుంది, ఇంత పెద్ద విషయం చెప్తుంటే నవ్వుతారేంటి అని. నాకు మాత్రం ఆ నవ్వు చూస్తే గుండె పట్టేసినట్టయింది, ఎందుకంటే భయమేస్తే మా ఇంట్లో కూడా ఇట్లాగే నవ్వుతారు, మా తాతయ్య పోయిన రోజు మా పిన్నులు ముగ్గురూ వంటింట్లో కాఫీ గ్లాసులు లెక్కపెట్టుకుంటూ నవ్వారు.

‘కూర్చుని మాట్లాడుకోవడం తప్ప ఏముంది అందులో’ అనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఆ మాటలు వినండి. పన్ను గురించి, తిండి గురించి, ఎవరింటికి ఎవరొస్తారు అనే దాని గురించి మాట్లాడుతుంటారు, అసలు విషయం ఎవరూ ఎత్తరు, అందరికీ తెలుసు. అమ్మయితే ఒక్క ముక్క అనదు. భర్త కోటులోంచి ఒక బొమ్మ కారు బయటపడితే తీసి తలుపుకేసి కొడుతుంది, అంతే, మళ్లీ మామూలుగా ఉంటుంది.

ఈ కథ ఒరిజినల్ సీరియల్ రాసింది ముకోదా కునికో, 1979లో జపాన్ ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం. రేడియోకి చాలా రాసిన మనిషి, అందుకే ఆమె డైలాగులు కళ్లు మూసుకుని విన్నా ఎవరు ఎవర్ని గుచ్చుతున్నారో తెలిసిపోతుందని నా నమ్మకం. 1981లో తైవాన్‌లో విమాన ప్రమాదంలో పోయింది, 51 ఏళ్లకే. ఇంకా ఎన్ని రాసుండేదో అని తలుచుకుంటే బాధేస్తుంది నిజంగా.

ఇప్పుడు అసలు నా గొడవకి వస్తా. చెల్లెలు ‘నేసాన్’ అని పిలుస్తుంది, అంటే అక్కా అని, కింద ఇంగ్లీష్‌లో ఆ అక్క పేరు పడుతుంది. అక్కని పేరు పెట్టి పిలిచే చెల్లెలి సీన్, ‘అక్కా’ అంటూనే దెప్పిపొడిచే చెల్లెలి సీన్, రెండూ ఒకటేనా చెప్పండి? ఇంకోటి, జపనీస్‌లో కూడా మనలాగే క్రియ చివర్లో వస్తుంది, మనలాగే వాక్యం సగంలో వదిలేస్తారు. ‘కెదో’ అని ఆపేస్తారు, అచ్చం మన ‘గానీ’ లాగా. ‘వస్తానన్నాడు గానీ...’ అని అత్తగారు ఆపేస్తే మిగతాది మనకి ఎవరైనా చెప్పాలా? ఇంగ్లీష్‌లోకి వచ్చేసరికి దాన్ని పూర్తి వాక్యం చేసి పెడతారు, ఆ ఆపడంలో ఉన్న కామెడీ పోయింది, ఏడుపూ పోయింది.

కొరెఎదాదే 2008 సినిమా ‘స్టిల్ వాకింగ్’లో అమ్మగా కికి కిరిన్ ఇంకా ఘోరం. తన పెద్దకొడుకు ఒక పిల్లాడిని నీళ్లలోంచి కాపాడబోయి చచ్చిపోయాడు, ఆ పిల్లాడిని ఏటా వర్ధంతికి ఇంటికి పిలుస్తారు. ఇంక చాల్లే పిలవడం అని రెండో కొడుకు అంటే, చేతిలో అల్లిక ఆపకుండా, గొంతు పెంచకుండా, అందుకే పిలుస్తున్నా అన్నట్టు చెప్తుంది, ఏడాదికి ఒక్కసారైనా వాడు బాధపడాలి కదా అని. పొద్దున ఆమే మొక్కజొన్న గింజలతో టెంపురా, అంటే పిండిలో ముంచి వేయించే బజ్జీల్లాంటివి, వేసింది నవ్వుకుంటూ.

ఇవన్నీ జపనీస్ నుంచి నేరుగా తెలుగులోకి చేసేవాళ్లు కావాలి, మధ్యలో ఇంగ్లీష్ వద్దు. జపనీస్ నేర్చుకున్న మనవాళ్లు ఇంతమంది ఉన్నారు, అడిగే కంపెనీ ఏదీ లేదా?

నాకు వచ్చిన కాస్త జపనీస్‌తో ఆ మోచి సీన్ తెలుగులో రాసుకుని మొన్న అమ్మ పక్కన కూర్చుని, వీడియో ఆపుతూ చదివి వినిపించా. అమ్మ పన్ను ఊడిన దగ్గర నవ్వి, కాసేపాగి, ‘పాపం ఆ తల్లికి ముందే తెలుసు కదా’ అంది. అప్పటికి తల్లి సీన్ ఇంకా రాలేదు.