చెవి క్లిప్పు కొనేముందు

రాత్రి రెండింటికి భీమవరం చుట్టుపక్కల ఏ చెరువు గట్టు మీదైనా టార్చిలైటు కదులుతూనే ఉంటుంది. కరెంటు పోతే ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) ఆగుతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్యలు తేలతాయి. నెలల తరబడి ఇదే టెన్షన్. ఇలాంటి మనిషి చేతి వాచీలో ‘హెచ్‌ఆర్‌వీ తక్కువ’ అని కనిపిస్తే భయపడడా? ఆ భయానికి మందుగా చెవికి తగిలించే కరెంటు క్లిప్పులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి.

హెచ్‌ఆర్‌వీ (హార్ట్ రేట్ వేరియబిలిటీ) అంటే ఒక గుండె చప్పుడుకూ మరోదానికీ మధ్య ఉండే సమయంలో తేడా. ఆరోగ్యమైన గుండె గడియారంలా ఒకే లెక్కన కొట్టుకోదు. గాలి పీల్చినప్పుడు కాస్త వేగం, వదిలినప్పుడు కాస్త నెమ్మది. ఆ పగ్గం పట్టుకునేది మెదడు నుంచి పొట్ట దాకా దిగే వేగస్ నాడి. అది విడుదల చేసే రసాయనమే గుండెను నెమ్మదింపజేస్తుందని 1921లో శాస్త్రవేత్త ఒట్టో లోవీ కప్ప గుండెలతో నిరూపించారు. ఈ నాడి కొమ్మ ఒకటి చెవి గుంటలోకి వస్తుంది. అక్కడ సన్నటి కరెంటు ఇస్తే ఆ నాడి కదులుతుందన్నదే క్లిప్పు ఆలోచన.

ఆలోచన మంచిదే. 2014లో బ్రిటన్‌లోని లీడ్స్ పరిశోధకులు 48 మంది ఆరోగ్యవంతులపై చూసి, హెచ్‌ఆర్‌వీ పెరిగిందన్నారు. అయితే 2021లో ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్క వేస్తే, ఉత్తుత్తి క్లిప్పు పెట్టినవారికీ నిజం క్లిప్పు పెట్టినవారికీ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. మూర్ఛకు ఆపరేషన్ చేసి ఛాతీలో అమర్చే వేగస్ పరికరానికి అమెరికా 1997లోనే అనుమతి ఇచ్చింది. ఆ పేరు చూపించి క్లిప్పులు అమ్మడం మాకు అన్యాయంగా తోస్తోంది.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందికి వచ్చాయి. జబ్బు తగ్గుతుందని చెప్పి అమ్మేవారిని అధికారులు ఆ చట్టం ప్రకారమే నిలదీయాలి. పేస్‌మేకర్ ఉన్నవారు, గుండె లయ తప్పినవారు డాక్టరును అడక్కుండా క్లిప్పు ముట్టుకోవద్దు. బీపీ మాత్ర ఆపి క్లిప్పు పెట్టుకోవడం మరీ ప్రమాదం.

నిమిషానికి ఆరుసార్లు, నెమ్మదిగా ఊపిరి తీసి వదిలితే ఆ కాసేపూ హెచ్‌ఆర్‌వీ పెరుగుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, గట్టు మీద కూర్చుని చేయొచ్చు. చెరువుల దగ్గరికే వచ్చి బీపీ, షుగరు చూసే ఏర్పాటు ఆరోగ్య శాఖ చేయాలి. రాత్రి కరెంటు కోత ఉంటే ముందే రైతు ఫోనుకు కబురు రావాలి. ఈ రెండూ ఈ పంటకే మొదలుపెట్టాలని కోరుతున్నాం.