సలహా కుర్చీ, సేనాని కుర్చీ: జపాన్ ఆలస్యంగా దిద్దుకున్న తప్పు

జపాన్ రక్షణ విధానంపై వచ్చే రాతలు చాలావరకు ఐదేళ్లలో వెచ్చించదలచిన 43 లక్షల కోట్ల యెన్‌ల దగ్గరో, అమెరికా నుంచి కొంటున్న టోమహాక్ క్షిపణుల దగ్గరో ఆగిపోతాయి. 2022 డిసెంబరు నాటి ఆ నిర్ణయాలు పాఠకులు ఎరిగినవే. నా దృష్టిలో వాటికన్నా పెద్ద మార్పు 2025 మార్చి 24న టోక్యోలోని ఇచిగయాలో, రక్షణ శాఖ ప్రాంగణంలోనే, దాదాపు 240 మంది సిబ్బందితో మొదలైంది. అదే నేల, సముద్ర, వైమానిక దళాలు మూడింటినీ ఒకే కమాండర్ కింద నడిపే సంయుక్త కార్యాచరణ కమాండ్.

2006లో నేల, సముద్ర, వైమానిక ఆత్మరక్షణ దళాలకు (జపాన్ తన సైన్యాన్ని పిలుచుకునే పేరు ఇదే) కొత్త ఉమ్మడి స్టాఫ్, అంటే ఉమ్మడి ప్రధాన కార్యాలయం, ఏర్పడినప్పుడు దాని అధిపతికి రెండు పనులు అప్పగించారు. ప్రభుత్వానికి సైనిక సలహా ఇవ్వడం ఒకటి, రక్షణ మంత్రి ఆదేశాలను మూడు దళాల చేత అమలు చేయించడం మరొకటి. మామూలు రోజుల్లో ఈ ఏర్పాటు బాగానే కనిపించింది. 2011 మార్చి 11న భూకంపం, సునామీ, ఫుకుషిమా అణు ప్రమాదం ఒకదాని వెంట ఒకటి వచ్చిపడి, సుమారు లక్ష మందిని రంగంలోకి దించినప్పుడు, ఆ ఒక్క అధికారే ప్రధానికీ మంత్రికీ పరిస్థితి వివరిస్తూ, అమెరికన్లతో మాట్లాడుతూ, దళాల కదలికలనూ చూసుకోవలసి వచ్చింది. విపత్తులోనే ఇంత సతమతమైన వ్యవస్థ యుద్ధమే వస్తే నిలబడేదా? లోపం అంత స్పష్టంగా బయటపడ్డాక కూడా సలహా ఇచ్చే కుర్చీనీ, దళాలను నడిపే కుర్చీనీ విడదీసి రెండోదాన్ని కొత్త కమాండర్‌కు అప్పగించడానికి 14 ఏళ్లు పట్టింది.

యూనిఫాం వేసుకున్నవారికి ఇంత పట్టు ఇవ్వడం ప్రమాదమనే భయానికి ఆధారం లేకపోలేదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందున్న మెయిజీ రాజ్యాంగం సేనాధిపత్యాన్ని చక్రవర్తికి కట్టబెడితే, ఆ ముసుగులో సైన్యం మంత్రివర్గానికి లోబడకుండా మెలిగింది. 1931లో టోక్యో అనుమతి లేకుండానే జపాన్‌కు చెందిన క్వాంటుంగ్ సైన్యం ఈశాన్య చైనాలోని మంచూరియాలో దాడికి దిగింది. కానీ నేడు ప్రధానితో సహా మంత్రులంతా పౌరులే కావాలని రాజ్యాంగం 66వ అధికరణం శాసిస్తోంది, దళాలపై సర్వాధిపత్యం ప్రధానిదే. కొత్త కమాండర్ రాకతో ఇందులో ఒక్క అక్షరం మారలేదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. 1954లో ఆత్మరక్షణ దళాలు పుట్టింది మొదలు జపాన్‌లో పౌర నియంత్రణ అంటే ఆచరణలో ఫైళ్ల నియంత్రణే. మంత్రికీ సైనికాధికారులకూ మధ్య అక్కడివారు 'సూటు వాళ్లు' అని పిలిచే ఉద్యోగస్వామ్యం అడ్డుగోడలా నిలిచింది. 2015 జూన్‌లో చట్టం సవరించి సూటునూ యూనిఫాంనూ సమాన హోదాలో నిలబెడితే, ప్రజాస్వామ్యానికి ముప్పు వచ్చిందని కొందరు గగ్గోలు పెట్టారు. ఎవరూ ఎన్నుకోని కార్యదర్శి చేతిలోని పగ్గాన్ని ప్రజల పగ్గం అనడం ఎలా కుదురుతుంది? ఆ గోడ ఎంత బోలుదో దక్షిణ సూడాన్‌లో ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో పనిచేసిన జపాన్ సైనికుల దినచర్య నివేదికల వ్యవహారమే చూపించింది. నాశనమయ్యాయని శాఖ చెప్పిన నివేదికలు తర్వాత బయటపడ్డాయి. 2017 జూలైలో మంత్రి ఇనాదా తొమోమితో పాటు శాఖలోని అత్యున్నత సివిల్ అధికారీ, నేల దళాధిపతీ కూడా పదవులు వదులుకున్నారు. దాచిపెట్టడంలో సూటుకూ యూనిఫాంకూ తేడా లేకపోయింది, చీకట్లో మిగిలింది పార్లమెంటే.

2013 డిసెంబరులో జాతీయ భద్రతా మండలి ఏర్పడి, ప్రధాని, కేబినెట్ ముఖ్య కార్యదర్శి, విదేశాంగ, రక్షణ మంత్రులు కూర్చునే చిన్న బల్ల ఒకటి వచ్చింది. నిర్ణయాలు వేగం పుంజుకున్నాయి, పార్లమెంటు పర్యవేక్షణ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. దేశ రక్షణకు దళాలను కదిలించాలంటే పార్లమెంటు ఆమోదం కావాలని చట్టం చెబుతున్నా, ఆ దళాలను నడిపేవారిని సభ్యులు నేరుగా ప్రశ్నించే అలవాటు లేదు. పార్లమెంటులో మంత్రులూ సివిల్ అధికారులూ జవాబిస్తారే గాని సైనికాధికారులను నిలబెట్టరాదన్నది యుద్ధానంతర కాలపు ఆనవాయితీ. సైన్యాన్ని రాజకీయానికి దూరంగా ఉంచాలన్న జాగ్రత్త, ఆచరణలో సైన్యాన్ని ప్రశ్నలకు దూరంగా ఉంచింది. మూడు దళాలను ఒక్కచేత్తో నడిపే కమాండర్ ఇచిగయాలో కూర్చున్నాక కూడా ఈ ఆనవాయితీని పట్టుకు వేలాడటం తగదు. ఆయన్ను రక్షణ కమిటీ ముందుకు పిలిపించి, ప్రజా ప్రతినిధులే ప్రశ్నలు అడగాలి.