ఆ సీట్లు ఎవరి దగ్గరా లాక్కున్నవి కావు

జేఈఈ ఫలితాలు వచ్చినప్పుడల్లా వాట్సాప్‌లో ఒక సందేశం చక్కర్లు కొడుతుంది. ఐఐటీల్లో అమ్మాయిల కోటా అబ్బాయిల సీట్లను మింగేసిందట. పరీక్ష గట్టెక్కని వారికీ సీట్లిస్తున్నారట. నిజంగా ఆసక్తి ఉంటే ఏ కోటా లేకుండానే వచ్చేవారట. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, చూస్తూ ఊరుకోలేను.

మింగేశారన్నది అబద్ధం. 2018లో మొదలుపెట్టిన ఈ సీట్లు సూపర్‌న్యూమరరీ, అంటే ఉన్నవాటికి అదనంగా చేర్చినవి. పాత సీట్లు తగ్గించలేదు. 2016లో బీటెక్‌లో చేరినవారిలో అమ్మాయిలు నూటికి ఎనిమిది మందే. ఆ వాటాను 2018లో 14, 2019లో 17, 2020లో 20 శాతానికి తేవాలని లక్ష్యం పెట్టుకున్నారు.

అమ్మాయిలకు సీటొచ్చే చివరి ర్యాంకు వెనకగా ఉంటుంది, నిజమే. దాచాల్సిన పనిలేదు. కానీ ఐఐటీ సీట్లకు రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ పరీక్షలో వారికంటూ వేరే అర్హత మార్కులు లేవు. అవి దాటనివారికి ర్యాంకే రాదు, ఇక సీటెక్కడిది?

ఆసక్తి లేదన్న మాటే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత పద్దెనిమిదేళ్లకే భర్తను పోగొట్టుకుని, పసిబిడ్డ తల్లిగా 1940లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చేరారు. తండ్రి అక్కడే ప్రొఫెసర్ కాబట్టి పట్టుబట్టి ఒప్పించగలిగారు. 1943లో పట్టా ఇచ్చేటప్పుడు అందులో అచ్చయిన ‘అతడు’ కొట్టేసి ‘ఆమె’ అని దిద్దాల్సి వచ్చింది. ఆడపిల్ల వస్తుందన్న ఊహే లేకుండా అచ్చేసిన కాగితం అది. అంతకుముందు ఆసక్తి ఉన్నవారే పుట్టలేదంటే నేను నమ్మను.

ఇప్పటి సంగతీ చెబుతాను. నా దగ్గర ఒకే ఇంటి అక్కాతమ్ముళ్లు చదివారు. త్రిపరిమాణ జ్యామితి లెక్కకు బొమ్మ గీయకుండానే దారి చెప్పేది అక్క. అడ్వాన్స్‌డ్ కొద్దిలో తప్పింది. మరో ఏడాది చదివించమని నేను బతిమాలితే, “ఆడపిల్లకు ఇంకో ఏడాది ఎందుకు మేడమ్, దగ్గర్లో కాలేజీ ఉందిగా” అన్నారు వాళ్ల నాన్న. రెండేళ్లకు తమ్ముడూ అలాగే తప్పాడు. పొలం తాకట్టు పెట్టి లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపారు. ఆదివారం ఆదివారం వాడు హాస్టల్ నుంచి ఫోన్ చేసి అడిగే లెక్కలను విడమరిచి చెప్పింది ఆ అక్కే.