జీపీఎస్ యాంటెనాను మాస్ట్ కొసకు ఎందుకు ఎక్కిస్తున్నాం?

చేపల బోటు మీదకి ఏ యాంటెనా కొత్తగా వచ్చినా దాన్ని మాస్ట్ (బోటు మీది నిలువు స్తంభం) కొసన బిగించేయడం అలవాటైపోయింది. బోట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియోకి అదే సరైన చోటు. దాని తరంగాలు దాదాపు చూపు ఆనినంత దూరమే పోతాయి కాబట్టి, యాంటెనా ఎంత ఎత్తున ఉంటే మాట అంత దూరం చేరుతుంది. జీపీఎస్ సంగతి వేరు. ఆ శాటిలైట్లు తిరిగేది సుమారు 20,200 కిలోమీటర్ల పైన. మనం ఇంకో మూడు మీటర్లు ఎక్కించినందువల్ల ఒరిగేదేమీ లేదు. పైగా నష్టం ఉంది. ఆ నష్టాన్ని చాలామంది యంత్రం ఖాతాలో వేస్తారు.

లెక్క వేసి చూద్దాం. బోటు ఒరిగే ఇరుసుకు 5 మీటర్ల పైన యాంటెనా ఉందనుకోండి. అలల మీద బోటు ఒక్కో పక్కకు 20 డిగ్రీలు ఒరుగుతూ, 5 సెకన్లకోసారి ఒక ఊపు పూర్తి చేస్తోంది. అప్పుడు యాంటెనా ఇటు 1.7 మీటర్లు, అటు 1.7 మీటర్లు ఊగుతుంది. దూరం లెక్కన చూస్తే ఇది పెద్దదేం కాదు. కానీ బోటు నిటారుకు వచ్చే క్షణంలో యాంటెనా పక్కకు దూసుకుపోయే వేగం 4 నాట్లు (గంటకు 4 సముద్ర మైళ్లు) దాటుతుంది. ట్రాల్ వల లాగే బోటు ముందుకు కదిలేదే చాలాసార్లు 3 నాట్ల చుట్టూ! రిసీవర్‌కి తెలిసేది యాంటెనా కదలిక ఒక్కటే, దాని కింద ఉన్న బోటు కాదు. అందుకే తెర మీద దిశ అటూ ఇటూ కొట్టుకుంటుంది, వేగం నిలకడగా ఉండదు, ఆటోపైలట్ ఉంటే అది కూడా తికమక పడుతుంది. రిసీవర్ సగటు తీసి ఈ ఊపును కొంత అణచగలదు. కానీ సగటు తీసే సమయం ఎంత పెంచితే, బోటు నిజంగా మలుపు తిరిగినప్పుడు ఆ సంగతి తెర మీదకి అంత ఆలస్యంగా వస్తుంది.

కాబట్టి నా ఓటు బోటు నడిపే గది, అంటే వీల్‌హౌస్ కప్పుకే. బోటు మధ్యగీతకు దగ్గరగా, పొట్టి గొట్టం మీద బిగిస్తే చాలు. అయితే అక్కడ ఆకాశం తెరిపిగా ఉండాలి. దీన్ని బోటు ఒడ్డున కట్టేసి ఉన్నప్పుడు చూసి తేల్చేయకూడదు. పని నడుస్తున్నప్పుడు వలను ఎత్తే డెరిక్ ఎటు తిరుగుతుంది, వల పైకి లేచినప్పుడు ఎంత మేర అడ్డొస్తుంది, ఇవి బోటు నడిపే సరంగును అడిగితేనే తెలుస్తాయి. కప్పు ఇనుపదైతే యాంటెనాను దానికి ఆనించకుండా కొంచెం ఎత్తి పెట్టాలి, లేకపోతే కప్పు మీద పడి తిరిగొచ్చే సిగ్నల్ అసలు సిగ్నల్‌తో కలిసి లెక్కను చెడగొట్టవచ్చు. ఫైబర్‌గ్లాస్ కప్పు గుండా సిగ్నల్ చాలావరకు దిగుతుంది. కార్బన్ ఫైబర్ గుండా దిగదు.

ఆకాశం తర్వాత చూడాల్సింది ఇరుగుపొరుగు. శాటిలైట్ నుంచి వచ్చే సిగ్నల్ ఎంత బలహీనమంటే, రిసీవర్ దాన్ని రొద కింద నుంచి వెతికి పట్టుకోవాలి. అలాంటిదాన్ని రాడార్ కిరణానికి ఎదురుగా పెట్టకూడదు, ఆ కిరణానికి పైనో కిందో ఉండాలి. శాటిలైట్ ఫోన్ యాంటెనాతో ఇంకా జాగ్రత్త, ఎందుకంటే అది ప్రసారం చేసేది జీపీఎస్ వాడే 1575.42 మెగాహెర్ట్జ్‌కు దగ్గరలోనే. ఇవన్నీ బయటికి కనిపించే శత్రువులు. కనిపించనివీ ఉన్నాయి. 2001లో అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో మాస్ ల్యాండింగ్ అనే హార్బర్లో జీపీఎస్ పనిచేయకుండా పోయింది. వెతికితే తేలిందేమిటంటే, కారణం అక్కడి బోట్ల మీద ఉన్న టీవీ యాంటెనాలే. వాటిలోని యాంప్లిఫైయర్లు చెడిపోయి, తమకు తెలియకుండానే ప్రసారాలు మొదలుపెట్టాయి! కొన్ని ఎల్ఈడీ దీపాలు రేడియోకి, ఓడలు తమ ఉనికిని ఒకదానికొకటి తెలుపుకునే ఏఐఎస్‌కి అడ్డుపడుతున్నాయని అమెరికా కోస్ట్‌గార్డ్ 2018లో హెచ్చరించింది కూడా.

ఇక కొనడం దగ్గరికొస్తే, చర్చంతా యాంటెనా రకం చుట్టూ తిరుగుతుంది. చదునైన ప్యాచ్ రకం నడినెత్తిన ఉన్న శాటిలైట్లను బాగా పట్టుకుంటుంది, తీగ చుట్టల రకం ఆకాశపు అంచు దాకా చూస్తుంది. బాగా ఊగే చిన్న బోటుకు రెండోది మేలన్న మాట నిజమే. కానీ రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ శాటిలైట్లను కూడా వాడుకునే ఇప్పటి రిసీవర్లతో ఆ తేడా బాగా తగ్గింది. అసలు పోయేది కేబుల్లో. ఆర్‌జీ-58 లాంటి సన్న కేబుల్ 10 మీటర్లు లాగితే ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర సిగ్నల్లో ఆరో వంతు కూడా మిగలదు. యాంటెనాలోని యాంప్లిఫైయర్ ఆ లోటును పూడ్చాలి. దానికి రిసీవర్ ఇచ్చే వోల్టేజీ సరిపడాలి, అందుకే ఏదో ఒక యాంటెనా తెచ్చి తగిలించడం కుదరదు. రిసీవర్‌ను తన లోపలే పెట్టుకున్న యాంటెనా కొంటే ఈ తలనొప్పి చాలావరకు తప్పుతుంది. ఎందుకంటే అప్పుడు కేబుల్లో వచ్చేది లెక్క పూర్తయిన డేటా. మామూలు బోటుకు నేను దాన్నే ఎంచుకుంటాను.

తెర మీద కనిపించే స్థానం యాంటెనాది అన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2000 మే నెలలో అమెరికా పౌర జీపీఎస్‌లో కావాలని కలిపే తప్పును తీసేసేదాకా 100 మీటర్ల తేడా కూడా మామూలే. అప్పుడు యాంటెనా బోటు మీద ఎక్కడుందో ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు తేడా కొన్ని మీటర్లకు దిగింది కాబట్టి, మునిగిన ఓడ మీదనో రాతి గుట్ట మీదనో గాలం వేసేవాళ్లకు యాంటెనాకూ నీటి లోతు కొలిచే ఎకో సౌండర్‌కూ మధ్య ఉన్న ఐదారు మీటర్లు లెక్కలోకి వస్తాయి. వల వందల మీటర్ల వెనకాల ఉండే ట్రాలర్‌కు వాటితో పనిలేదు.

యాంటెనాను చోట పెట్టాక, స్క్రూలు గట్టిగా తిప్పే ముందు, రిసీవర్లో శాటిలైట్ల సిగ్నల్ బలాన్ని గీతల్లో చూపే పేజీ తెరిచి పెట్టాలి. రాడార్, రేడియో, దీపాలు, టీవీ ఒక్కొక్కటే వేసి, ఆపి చూడాలి. ఏది వేసినప్పుడు గీతలన్నీ ఒక్కసారిగా కుంగుతాయో, యాంటెనాను దానికి దూరంగా జరపాలి.